ఎర్రమట్టి దిబ్బల నీడ ఏ రంగు?

ప్రశ్న: రిటైరయ్యాక ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు మోనే చిత్రాలంటే ప్రాణం. ఆ పద్ధతిలోనే మన ఎర్రమట్టి దిబ్బలు వేస్తుంటే ఏదో విదేశంలా వస్తోంది. నీడలో నలుపు కలిపితే బురదలా తయారవుతోంది. ఆ క్షణపు వెలుగుని చూసింది చూసినట్టే పట్టుకునే ఈ ఇంప్రెషనిజం పద్ధతి మన ఊరికి నప్పదా?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఎందుకు నప్పదమ్మా! మోనే 1872లో వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' కూడా ఒక రేవు పట్నం బొమ్మే. కాకపోతే ఆ పొగమంచు ఫ్రాన్సులోని లె హావ్ర్‌ది. దాన్ని తెచ్చి భీమిలి రోడ్డు మీద పరిస్తే ఎలా కుదురుతుంది?

అమెరికా చిత్రకారులకూ ఇదే చిక్కు వచ్చింది. గై రోజ్ ఎనిమిదేళ్లు ఫ్రాన్సులోని జివెర్నీలో, మోనే ఉన్న ఊళ్లోనే ఉండి, 1914లో సొంత కాలిఫోర్నియాకి తిరిగొచ్చి అక్కడి సముద్రతీరాన్ని వేశాడు. చిన్నప్పుడే వినికిడి పోయిన గ్రాన్‌విల్ రెడ్‌మండ్ పారిస్‌లో నేర్చుకుని, అదే కాలిఫోర్నియా కొండల మీద విరగబూసిన నారింజరంగు గసగసాల పూలు వేశాడు. నాకు మాత్రం ఎడ్వర్డ్ రెడ్‌ఫీల్డే ఇష్టం. పెన్సిల్వేనియాలో డెలావేర్ నది ఒడ్డున, మంచులో నిలబడి, గాలికి కొట్టుకుపోకుండా కాన్వాసుని చెట్టుకి కట్టేసి, పెద్ద బొమ్మని ఒక్క విడతలో ముగించేవాడు. మంచు మీద పడిన నీడ రంగు ఆయన కళ్లారా చూసి వేసింది. అందుకే ఆ బొమ్మ చూస్తే చలేస్తుంది.

మీరూ దిబ్బల దగ్గరకి సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి. ఎండ పడమటి నుంచి వస్తుంది కాబట్టి సముద్రం వైపు గోడలు నీడలో ఉంటాయి. ఆ నీడనే కాసేపు చూస్తూ కూర్చోండి. పైభాగం మీద ఆకాశం నీలం పడి వంగపండు రంగు తేలుతుంది. కింద గండిలో, ఎండ తగిలిన ఎదురు గోడ ఎరుపు తిరిగొచ్చి పడి, నీడ లోపలే సెగ ఉన్నట్టుంటుంది. ఒకే నీడలో రెండు రంగులు! నలుపు ట్యూబు ఇంట్లో వదిలేసి, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగులో అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం కొద్దికొద్దిగా కలిపి చూడండి. గండిలోకి దిగేకొద్దీ నీలం తగ్గించండి.

ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు, టెన్షన్ పడకండి. మర్నాడు అదే వేళకి మళ్లీ వెళ్లండి. ఇంట్లో ట్యూబులైటు కింద మాత్రం దిద్దకండి. నేను అలా దిద్ది మొదటి ఏడాది బొమ్మలన్నీ పాడుచేసుకున్నాను, ఇప్పటికీ బాధే.

ఇంకొక్క మాట. దిబ్బల అంచులెక్కకండి, మట్టి జారిపోతుంది. దారి పక్కన కూర్చున్నా ఆ నీడ కనబడుతుంది.