ఐదేళ్లు నిండాక వెతకాలా, ఇప్పుడే వెతకాలా?

ప్రశ్న: బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో టెస్టింగ్ లీడ్‌గా చేస్తున్నాను. ఈ కంపెనీలో చేరి 4 ఏళ్ల 5 నెలలైంది. సీటీసీ (కంపెనీ నామీద ఏడాదికి పెట్టే మొత్తం) 18 లక్షలు, అందులో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 1.8 లక్షలు. బేసిక్ 60,000, చేతికొచ్చేది నెలకు 1,09,000. గత రెండేళ్లలో హైక్ 5 శాతం, 4 శాతం ఇచ్చారు. ఈసారి వేరియబుల్ 60 శాతమే వచ్చింది. నోటీసు పీరియడ్ 90 రోజులు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ (వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) వస్తుంది, అప్పటిదాకా కదలకు, తర్వాత వెతుక్కో అంటున్నారు మా బావగారు. అద్దె 28,000, కారు ఈఎంఐ 13,500, ఇంటి ఖర్చు ఇంకో 30,000 దాకా. బ్యాంకులో లక్షన్నర ఉంది. అనంతపురంలో ఉన్న నాన్నగారికి షుగర్, ఆయన నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి మాటలో సగం నిజం. ఐదేళ్లు నిండేదాకా ఉద్యోగంలో ఉండండి. వెతకడం మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి.

ఐదేళ్లకు ఇంకా 7 నెలలుంది. అందులో చివరి 3 నెలలు మీ నోటీసే. నోటీసులో ఉన్న రోజులు కూడా సర్వీసు కిందికే వస్తాయి కాబట్టి, మిగిలింది 4 నెలలు. రెజ్యూమె సరిచేసుకుని, ఇంటర్వ్యూలు ముగించి, ఆఫర్ లెటర్ చేతికి వచ్చేసరికి మీ స్థాయిలో మూడు నాలుగు నెలలు సులువుగా పడుతుంది. అంటే ఇప్పుడు దిగితేనే ఐదేళ్లు నిండిన వారంలో బయటపడగలరు. ఐదేళ్లయ్యాక మొదలుపెడితే వెతకడానికి 3 నెలలు, నోటీసుకు 3, కొత్త జీతం ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుంది. కొత్త చోట చేతికి నెలకు 30,000 ఎక్కువ వస్తుందనుకుంటే, పోయేది 1.8 లక్షలు. మీ గ్రాట్యుటీ ఎంతో చూడండి, నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం: బేసిక్ 60,000ను 26తో భాగించి, 15తో, 5 ఏళ్లతో హెచ్చిస్తే 1,73,077. దేనికోసం ఆగారో దాన్నే పోగొట్టుకున్నట్టు.

గ్రాట్యుటీ గురించి రెండు మాటలు. నాలుగేళ్ల మీద 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది, కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు. మీ కంపెనీ పద్ధతి ఏమిటో పాలసీ డాక్యుమెంటులో చూడండి. అక్కడ లేకపోతే పూర్తి ఐదేళ్లే లెక్కేసుకోండి. ఇక, కొత్త లేబర్ కోడ్‌లతో ఏడాదికే గ్రాట్యుటీ వస్తుందని విని ఉంటారు. అది ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత గడువు) కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు, మీలాంటి పర్మనెంట్ ఉద్యోగులకు కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొత్త కంపెనీ "30 రోజుల్లో చేరండి, నోటీసు బయౌట్ (మిగిలిన నోటీసు రోజులకు కట్టాల్సిన డబ్బు) మేం చూసుకుంటాం" అన్నప్పుడు. ఆశగానే ఉంటుంది కానీ, ఐదేళ్లకు ముందే రిలీవ్ అయితే గ్రాట్యుటీ పోతుంది. అప్పుడు దాని బదులు జాయినింగ్ బోనస్ అడగండి, అదీ 1.73 లక్షలు కాదు. గ్రాట్యుటీకి 20 లక్షల దాకా పన్ను లేదు. బోనస్‌కు ఉంది. కొత్త జీతంతో 20 శాతం స్లాబులో పడతారు, సెస్‌తో 20.8. అంత పోయాక 1.73 లక్షలు మిగలాలంటే దాదాపు 2.19 లక్షలు అడగాలి. బయౌట్ డబ్బును వాళ్లు మీ జీతంలో కలిపి ఇస్తే దానిమీదా పన్ను పడుతుంది. బయౌట్‌ను బేసిక్ మీద లెక్కిస్తారా, గ్రాస్ మీదా అనేది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. రెండు నెలలకు ఆ తేడానే లక్ష దాటుతుంది.

అసలు మారాల్సిన సమయం వచ్చిందా అంటే, మీ అంకెలే చెబుతున్నాయి. వేరియబుల్‌లో 40 శాతం కోత అంటే 72,000. అది 18 లక్షల్లో సరిగ్గా 4 శాతం. ఈ ఏడాది కుడిచేత్తో ఇచ్చిన హైక్‌ను ఎడమచేత్తో తీసుకున్నారు. దీనికి తోడు ఇంకొకటి చూడండి. ఏ నెల పీఎఫ్ అయినా వచ్చే నెల 15లోపు కంపెనీ కట్టాలి. పాస్‌బుక్‌లో రెండు మూడు నెలలుగా ఆలస్యం కనిపిస్తే కంపెనీ చేతిలో డబ్బు ఆడటం లేదని అర్థం. అప్పుడు గ్రాట్యుటీ కోసం కూడా ఆగొద్దు.

"30 శాతం లేనిదే మారకు" అనే సూత్రాన్ని నేను నమ్మను. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఊరికి ఉత్తరాన ఉన్న హెబ్బాళ్ వైపు ఉద్యోగం వస్తే ఇల్లు మారక తప్పదు. పాత ఓనరు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటాడు, బ్రోకర్‌కు ఒక నెల అద్దె, పైగా కొత్త ఇంటికి అయిదారు నెలల అడ్వాన్స్. పాత అడ్వాన్స్ తిరిగి వచ్చేలోపే ఇది కట్టాలి. అదే మీ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా వెళ్లే మెట్రో యెల్లో లైన్ మీద ఆఫీసు దొరికితే 20 శాతం హైక్ కూడా లాభమే. ఆఫర్‌లో సీటీసీ అంకెను పక్కన పెట్టి వేరియబుల్, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్, కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం తీసేయండి. మిగిలినదాన్ని 12తో భాగించి, ఇప్పటి జీతాన్నీ ఇలాగే విప్పి పక్కన పెట్టుకోండి.

మీ లక్షన్నర రెండు నెలల ఖర్చుకే సరిపోతుంది. ఈ ఏడు నెలలూ నెలకు 20,000 చొప్పున వేస్తే 2.9 లక్షలు, అంటే నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఉద్యోగం చేతిలో ఉండగా ఇదెందుకంటారేమో. చాలా చోట్ల నోటీసు చివరి నెల జీతాన్ని ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్కల) సెటిల్‌మెంట్ దాకా ఆపుతారు. కొత్త చోట పేరోల్ కట్-ఆఫ్ (ఆ నెల జీతాల లెక్క ముగిసే తేదీ) దాటాక చేరితే మొదటి జీతం ఆ పై నెలే. ఈఎంఐ మాత్రం ఆగదు.

నాన్నగారి సంగతి వెంటనే చూడండి. చివరి పనిదినంతోనే కంపెనీ కవర్ పోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకుంటుందో లేదో చెప్పలేం. ఆయన పేరుతో విడిగా పాలసీ తీసుకోండి, షుగర్ ఉన్నట్టు ఫారంలో రాయండి. దాచితే రేపు క్లెయిమ్ దగ్గరే పట్టుకుంటారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లు. ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు.

ఆఫర్ లెటర్ రాకముందు రాజీనామా పెట్టొద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో జాబ్ సైట్లు తెరవొద్దు. నౌకరీ జాబ్ సైట్ ప్రొఫైల్‌లో మీ కంపెనీని బ్లాక్ చేయండి. పాత చోట రిలీవింగ్, కొత్త చోట జాయినింగ్ తేదీలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడితే పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ చిక్కుల్లో పడవచ్చు. ఆ పీఎఫ్‌ను ట్రాన్స్‌ఫర్ చేయండి, తీయకండి.

చేరిన మొదటి వారంలోనే పాత కంపెనీలో ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. పాత చోట ఆరు నెలలకు 7.5 లక్షలు, కొత్త చోట ఆరు నెలలకు 10 లక్షలు వచ్చాయనుకోండి. పాత కంపెనీ ఏడాది మొత్తం జీతం అంచనా మీద కొంత పన్ను కోసి ఉంటుంది. కొత్త కంపెనీకి మాత్రం 10 లక్షలే కనిపిస్తుంది, అది 12 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో ఏమీ కోయకపోవచ్చు. కలిపితే, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 16.75 లక్షలు. దానిమీద సెస్‌తో కలిపి పన్ను 1,40,400. అందులో పాత చోట కోసింది పోను మిగిలిందంతా రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారే కట్టాలి, పైన వడ్డీతో.