కొండదారి సైకిళ్లు: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు వెనకబట్టి కొండల చుట్టూ బాటలు ఆరుతున్నాయి, సైకిళ్లు బయటికొస్తున్నాయి. ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ప్రశ్నలకే చోటిచ్చాం.

ప్రశ్న: 29 అంగుళాల చక్రాల ఎంటీబీ (కొండదారి సైకిల్) కొన్నాను. తురహళ్లి అడవికి వెళ్లినా, దొడ్డబళ్లాపుర వైపు వెళ్లినా పంక్చర్ కాకుండా ఇల్లు చేరడం లేదు. గాలి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడుతున్నాను. ట్యూబ్‌లెస్‌కు మారితే తీరుతుందా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: పంక్చరైన ట్యూబును పారేయకుండా ఒకసారి గాలి నింపి చూడండి. పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువై, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగినట్టు. సూదిమొనంత బెజ్జం ఒక్కటే ఉంటే అది ముల్లు. 50 పీఎస్ఐతో తిరుగుతున్నారు కాబట్టి మీది దాదాపుగా ముల్లే. ఈ నేలలో తుమ్మ, సర్కారు తుమ్మ, పల్లేరు కాయలకు కొదవలేదు. గాలి ఎక్కువ పెట్టినంత మాత్రాన ముల్లు ఆగదు సరికదా, బండరాతి మీద టైరు పట్టు పోతుంది. మీరు 70 కిలోలుండి, టైరు 2.25 అంగుళాలదైతే ట్యూబుతో ముందు 28, వెనక 30–32 పీఎస్ఐ చాలు. ట్యూబ్‌లెస్ అయితే ముందు 21–22, వెనక 24–25.

ముళ్ల బాటలకు ట్యూబ్‌లెస్‌కే మా ఓటు. ఇందులో ట్యూబు ఉండదు, టైరులో పోసిన సీలెంట్ అనే ద్రవం చిన్న బెజ్జాలను తానే పూడుస్తుంది. అయితే రిమ్మూ టైరూ రెండూ అందుకు తయారైనవే కావాలి. రిమ్ లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లోపలి వెడల్పు కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువున్న ట్యూబ్‌లెస్ రిమ్ టేపును గట్టిగా లాగుతూ చుట్టండి. వాల్వు దాటాక ఇంకో 10–15 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడాలి. టేపు వదులుగా ఉంటే అంచు లేచి, సీలెంట్ చువ్వల బెజ్జాల్లోంచి కారుతుంది. గాలి నిలవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. వాల్వు నట్టును వేళ్లతోనే బిగించండి, పటకారు వద్దు. సీలెంట్ లేకుండానే ముందు గాలి కొట్టి టైరు అంచులు టప్‌మని కూర్చున్నాయో లేదో చూసుకోండి. టైరు పక్కన రాసిన గరిష్ఠ పీఎస్ఐ మాత్రం దాటొద్దు. చేతిపంపుతో కూర్చోకపోతే పెట్రోల్ బంకుకు వెళ్లొచ్చు, కానీ ప్రెస్టా (సన్నటి సైకిల్) వాల్వుకు చిన్న ఇత్తడి అడాప్టర్ దగ్గరుండాలి. తర్వాత వాల్వ్ కోర్ (వాల్వు లోపలి పుల్ల) విప్పి టైరుకు 100–120 మిల్లీలీటర్ల సీలెంట్ పోసి, చక్రాన్ని తిప్పి, ఒక్కో పక్కా కాసేపు పడుకోబెట్టండి.

మన ఎండలకు సీలెంట్ రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది. ఆ సంగతి మరిచిపోతే ట్యూబ్‌లెస్ పెట్టి లాభం లేదు. ఇంకో మాట. పెద్ద కోత పడి దారిలో ట్యూబు వేయాల్సి వస్తే ముందుగా టైరు లోపలంతా గుడ్డతో తడమండి. సీలెంట్ పుణ్యాన మీకు తెలియకుండా దిగిన ముళ్లు అక్కడే ఉంటాయి, కొత్త ట్యూబును క్షణంలో పొడిచేస్తాయి.

ప్రశ్న: నంది కొండ దిగేటప్పుడు సగం దారిలో కాలిన వాసన వచ్చి, బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వెళ్లిపోయింది. ప్యాడ్లు మార్చాలా, ఆయిల్ మార్చాలా?
— ఒక పాఠకురాలు, ఎలహంక

జవాబు: లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే కాలింది ప్యాడు. లివర్ మెత్తబడి లోపలికి పోతే మరిగింది ఆయిల్. మీరు రాసిన దాన్ని బట్టి రెండూ జరిగాయి. 1,478 మీటర్ల కొండ మీద నుంచి అన్ని మలుపులూ బ్రేకు వదలకుండా దిగితే డిస్కు చల్లారే వ్యవధే ఉండదు. మలుపుకు ముందు రెండు బ్రేకులూ బలంగా పట్టి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. లివర్ మెత్తబడితే వెంటనే ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది.

ఆయిల్ విషయంలో పొరపాటుకు తావే లేదు. షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్. స్రామ్ కంపెనీవాటిలో ఎక్కువ మోడళ్లకు డాట్ 5.1 అనే బ్రేకు ద్రవం. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకే పాడవుతుంది. లివర్ మూత మీద ఏది రాసుంటే అదే. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందువల్ల మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. దాన్ని ఏడాదికోసారి మార్చాలి.

ప్యాడ్ల పదార్థం అర మిల్లీమీటరుకు అరిగితే మార్చేయండి. రెజిన్ ప్యాడ్ల కంటే మెటల్ ప్యాడ్లు వేడికి నిలుస్తాయి, కానీ డిస్కు మీద రెజిన్ ప్యాడ్లే వాడాలని రాసుంటే మెటల్‌వి వేయొద్దు. కొత్త ప్యాడ్లు వేశాక చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, చక్రం బిగుసుకోకుండా, ఒక్కో బ్రేకుతో ఇరవై సార్లు తగ్గించండి. ఇది చేయకుండా నేరుగా కొండెక్కితే దిగేటప్పుడు కీచుమంటాయి, పట్టవు.

ప్రశ్న: ఈ బాటలకు ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుదుపు తట్టే అమరిక) తప్పనిసరా?
— ఒక పాఠకుడు, కే.ఆర్. పురం

జవాబు: అక్కర్లేదు. ముందు చక్రానికి మాత్రమే 100–120 మిల్లీమీటర్లు కుంగే ఎయిర్ ఫోర్కు ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. మిగిలిన డబ్బు మంచి టైర్లకూ బ్రేకులకూ పెట్టండి. ఫోర్కులో గాలి సరిచూసుకోవడం మాత్రం మానొద్దు. సంచీతో సహా బండెక్కి నిలబడినప్పుడు 100 మిల్లీమీటర్ల ఫోర్కు 20–25 మిల్లీమీటర్లు కుంగాలి.

ప్రశ్న: యాప్‌లో బన్నేరుఘట్ట అడవి గుండా, అర్కావతి కావేరిలో కలిసే సంగమం వైపు కావేరి ఒడ్డున సైకిల్ గీతలు కనిపిస్తున్నాయి. నలుగురం వెళ్దామనుకుంటున్నాం. వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వద్దు. ఎవరో ఒకసారి వెళ్లినంత మాత్రాన ఆ గీత అనుమతి అయిపోదు. బన్నేరుఘట్ట 1974లో జాతీయ ఉద్యానవనమైంది, కావేరి అడవి 1987లో అభయారణ్యమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వీటిలోకి వెళ్లడం నేరం. సంగమం దాకా తారు రోడ్డు మీద వెళ్లండి, పక్కనున్న అడవి బాటల్లోకి దిగకండి. రామనగరలో రామదేవర బెట్ట కూడా 2012 నుంచి రాబందుల అభయారణ్యం. తురహళ్లిలోనూ గేటు దగ్గరి బోర్డు చదివి, ఫారెస్ట్ గార్డును అడిగాకే లోపలికి.

చట్టం సరే, అంతకంటే పెద్ద సంగతి ఏనుగులు. సైకిల్ చప్పుడు లేకుండా వస్తుంది, మలుపులో ఎదురెదురు పడేదాకా రెండు పక్షాలకూ తెలియదు. అందుకే కనకపుర ప్రాంతంలో అడవి అంచు రోడ్ల మీద కూడా తెల్లవారకముందు, పొద్దు వాలాక తిరగొద్దు. తాజా లద్దె, విరిగిన పచ్చి కొమ్మలు కనబడితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఊళ్లో ముందే “ఆనె బందిదెయా?” (ఏనుగు వచ్చిందా?) అని కన్నడంలో అడగండి, రాత్రి ఏ తోటలో పడ్డాయో రైతులకు కచ్చితంగా తెలుసు. ఏనుగు కనిపించాక బెల్లు కొట్టడం, ఫోటో కోసం ఆగడం చేయకండి. వచ్చిన దారినే నెమ్మదిగా దూరం జరగండి.

అడవిలోకి పోకుండానే మంచి బాటలున్నాయి. దొడ్డబళ్లాపుర నుంచి ఘాటి సుబ్రహ్మణ్య, మాకళిదుర్గ చుట్టూ బండి బాటలు, చెరువు కట్టలు, నీలగిరి తోపుల మధ్య మట్టి దారులు చూడండి. గుడిబండె, ఆవలబెట్ట వైపు పల్లెల్లో తెలుగు బాగా నడుస్తుంది, కాబట్టి దారి అడగడానికి ఇబ్బంది లేదు. పొలం గట్టు ఎవరిదో అడిగి దాటండి, తెరిచిన తడికను మూసి వెళ్లండి.

ప్రశ్న: అర్కావతిని సైకిల్ తోసుకుంటూ దాటాం, నీళ్లు సీటు దాకా వచ్చాయి. వారం తర్వాత వెనక చక్రం గరగరమంటోంది.
— ఒక పాఠకుడు, కెంగేరి

జవాబు: వేడెక్కిన హబ్బు (చక్రం నడిబొడ్డు) చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు నీళ్లూ సన్నటి ఇసుకా సీలు దాటి బేరింగుల్లోకి చేరతాయి. గ్రీజు తెల్లగా మారి ఉంటే హబ్బూ, వెనక పళ్ల చక్రాలు కూర్చునే ఫ్రీహబ్బూ విప్పి, కడిగి, ఆరబెట్టి కొత్త గ్రీజు పెట్టాలి. కార్ట్రిడ్జ్ బేరింగులు చేత్తో తిప్పితే గరుకుగా తగిలితే మార్చేయడమే మేలు. సీటు పోస్టు లాగేసి, బండిని తలకిందులు చేసి ఫ్రేములో నిలిచిన నీళ్లు వంపేయండి. ఎంత లోతుదాకా పెట్టాలో పోస్టు మీద ముందే టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. చైను అదే రోజు తుడిచి ఆయిల్ వేసి ఉంటే దానికి తుప్పు పట్టదు.

ఇకముందు ఇరుసు మునిగేంత నీరుంటే సైకిల్‌ను భుజాన ఎత్తుకోండి. మోకాలు దాటి పారుతున్నా, అడుగు కనిపించకపోయినా దాటడమే మానుకోండి. తోసుకుంటూ దాటేటప్పుడు సైకిల్ మీకు దిగువన ఉండాలి. ఎగువన ఉంటే ప్రవాహం దాన్ని మీ మీదికే నెడుతుంది. సంచీ బకిల్ విప్పి ఉంచండి, చెప్పులు విప్పొద్దు. వృషభావతి కలిసిన తర్వాత అర్కావతిలో నగరపు మురుగు ఉంటుంది, కాలికి గాయముంటే దిగకండి. సంగమం దగ్గర కావేరిని దాటే ఆలోచనే వద్దు. ఎగువన కేఆర్ఎస్, కబిని డ్యాముల నుంచి నీరు వదిలితే ఎండ కాస్తుండగానే మట్టం పెరుగుతుంది, ఆ నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి.

ప్రశ్న: కుడివైపు పడ్డాక గేర్లు వాటంతటవే దూకుతున్నాయి. కేబుల్ సర్దినా లాభం లేదు.
— ఒక పాఠకురాలు, బెళ్లందూరు

జవాబు: కేబుల్ వదిలేయండి, గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, వంగింది. వెనక నిలబడి చూస్తే డిరైలర్ చక్రం వైపు ఒరిగి కనిపిస్తుంది. ఫ్రేము విరగకుండా ముందు తానే వంగాలని దాన్ని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. షాపులో కొలిచే పనిముట్టుతో ఒకసారి సరిచేయించుకోవచ్చు, రెండోసారి వంచితే విరగొచ్చు. అప్పటిదాకా అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి మార్చకండి, డిరైలర్ చువ్వల్లో పడితే చక్రం కూడా పోతుంది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో హ్యాంగర్, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. మీ మోడల్ పేరు చెప్పి రెండు తెప్పించుకుని, ఒకటి సంచీలో, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పక్కనే పెట్టుకోండి.