పిల్లల పుస్తకాల బొమ్మలు కొనుక్కోండి, అమ్మాయి చదువు లెక్కలో మాత్రం రాయకండి

కడప నుంచి ఒక టీచరు గారు రాసిన ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

"నా వయసు 41. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. వేసవిలో రెండు నెలలు ఆయనకు సగం జీతమే వస్తుంది. మామూలు నెలల్లో ఇద్దరికీ కలిపి 1,05,000 చేతికొస్తుంది. ఇంటి లోను కంతు 27,000, ఇంటి ఖర్చు 38,000, పిల్లల ఫీజులు సగటున 9,000, చీటీ 10,000. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, చిన్నదానికి ఏడేళ్లు. బ్యాంకులో 3 లక్షల డిపాజిట్ ఉంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక చిత్రకారిణి అంటే నాకు చాలా ఇష్టం. ఆరేళ్లలో ఆమె లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు (ఇన్నే అని లెక్క పెట్టి, నంబరు వేసి తీసే ప్రతులు) 16 కొన్నాను. 2,40,000 అయింది. ఇప్పుడు ఒక గ్యాలరీవాళ్లు ఆమె బొమ్మలు 12 కలిపి ఒక సెట్టుగా ఇస్తున్నారు. ధర 1,20,000. మొత్తం 75 సెట్లే వేశారట. నెలకు 10,000 చొప్పున ఏడాది పాటు నో కాస్ట్ ఈఎంఐ. ఐదేళ్లలో ధర రెట్టింపు అవుతుందంటున్నారు. బంగారంలాగే అవసరానికి అమ్ముకోవచ్చు కదా, పెద్దమ్మాయి ఇంజనీరింగుకు పనికొస్తుందని నా ఆలోచన. మావారు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? గ్యాలరీకి ఏం జవాబివ్వాలి?"

టీచరు గారూ, ఆ సెట్టు ఈఎంఐలో కొనకండి. మీ దగ్గరున్న 16 ప్రింట్లను అమ్మనూ వద్దు. కొనడం పూర్తిగా మానేయమని కూడా నేను చెప్పను. కానీ వాటిని పెద్దమ్మాయి చదువుకు దాచిన డబ్బుగా ఈరోజు నుంచే లెక్క పెట్టడం ఆపేయండి. ఎందుకో వివరంగా చెబుతాను, మీవారు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది.

గ్యాలరీవాళ్లు మీకు పంపిన కరపత్రం చూశాను. అందులో విన్నీ ద పూ అనే ఇంగ్లీషు పిల్లల కథలకు ఇ.హెచ్. షెపర్డ్ 1926లో గీసిన అడవి పటం 2018లో లండన్‌లోని సోథెబీస్ వేలంలో 4,30,000 పౌండ్లకు అమ్ముడైందని ఉంది. అది నిజమే. అయితే అది చిత్రకారుడు తన చేత్తో కాగితం మీద గీసిన అసలు బొమ్మ. ప్రపంచంలో అలాంటిది ఒకటే ఉంది. పైగా గీసిన 92 ఏళ్లకు ఆ ధర పలికింది. మీకు అమ్ముతున్నది 75 మంది దగ్గర ఉండబోయే ప్రింటు. ఈ రెండింటికీ పోలిక పెట్టి ఐదేళ్లలో రెట్టింపు అని చెప్పడం సబబు కాదు.

పిల్లల పుస్తకాల బొమ్మలకు గిరాకీ ఎలా పుడుతుందో చూడండి. మన చందమామ 1947 జులైలో మొదలైంది. దాన్ని స్థాపించిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా పొట్టిపాడు మనిషే. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలను, శంకర్ గారి విక్రమ్ బేతాళ బొమ్మలను చిన్నప్పుడు చూసినవాళ్లు పెద్దయి, సంపాదనలో పడి, ఇల్లు కట్టుకున్నాక ఆ బొమ్మల కోసం వెతుకుతున్నారు. అంటే పుస్తకం చదివిన పిల్లవాడు కొనేవాడుగా మారడానికి పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పడుతుంది. అది కూడా ఆ పుస్తకం అంతకాలం జనం నోళ్లలో ఉంటేనే. మీ చిత్రకారిణి పుస్తకాలు అలా నిలుస్తాయని మీకు నమ్మకం ఉంది, నాకూ అలాగే జరగాలని ఉంది. కానీ మీ అమ్మాయి ఇంజనీరింగుకు ఇంకా నాలుగేళ్లు కూడా లేవు. ఇంటరు ఫీజు రెండేళ్లలోపే కట్టాలి.

ఇప్పుడు అసలు లెక్క. ధర పెరగడం ఒకటి, ఆ ధర మీ చేతికి రావడం మరొకటి. మీరు 18,000 పెట్టి ఒక ప్రింటు కొన్నారనుకుందాం. ఫ్రేముకు 4,000, కొరియరుకు 1,000. మొత్తం 23,000 మీ జేబులోంచి పోయింది. ఎనిమిదేళ్ల తర్వాత అదే ప్రింటు గ్యాలరీ ధర 36,000 అయింది, అంటే సరిగ్గా రెట్టింపు. మీరు అమ్మబోతే గ్యాలరీ తన కమీషను తీసుకుంటుంది. అది 40 శాతం అనుకుంటే మీకు వచ్చేది 21,600. ధర రెట్టింపైనా మీకు 1,400 నష్టం. అదే 23,000 ఏడాదికి 7 శాతం చొప్పున డిపాజిట్లో ఉంటే ఎనిమిదేళ్లకు సుమారు 39,500 అయ్యేది. కొనేవాడు దొరికితే పరిస్థితి ఇది. దొరక్కపోతే ఆ ధర కాగితం మీదే ఉంటుంది.

బంగారంతో పోల్చి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒక గొలుసు తీసుకుని పొద్దున ప్రొద్దుటూరు బజారుకు వెళ్తే మధ్యాహ్నానికి డబ్బుతో తిరిగి రావచ్చు. రేటు అందరికీ తెలిసిందే, తూకం వేస్తారు, తరుగు తీస్తారు, అయిపోయింది. మీ ప్రింట్లకు అలాంటి బజారు కడపలో లేదు, హైదరాబాదులోనూ చాలా చిన్నది. కొనాలంటే ఆ చిత్రకారిణి ఎవరో తెలిసిన మనిషి కావాలి, ఆ బొమ్మే కావాలనుకోవాలి, మీకు అవసరమైన నెలలోనే ఆయన దగ్గర డబ్బుండాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగులో సీటు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి కూడా తెలుసుకోండి. బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మీమీదే పడతాయి. ఈఎంఐ మాట ఎత్తకుండా రొక్కం ఇస్తానంటే ఎంతకిస్తారని అడిగి చూడండి, తరచూ ధర తగ్గుతుంది. ఈఎంఐ క్రెడిట్ కార్డు మీద తీసుకుని ఒక నెల ఆ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మామూలుగా నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. వేసవిలో మీవారికి సగం జీతమే వచ్చే నెలల్లో ఈ ప్రమాదం ఉంది.

మీ ఇంటి లెక్కలో అన్ని ఖర్చులూ, చీటీ పోగా నెలకు 21,000 మిగులుతోంది. మంచి మిగులే. నేనైతే దాన్ని ఇలా పంచుతాను. పెద్దమ్మాయి చదువు కోసం 10,000 బ్యాంకు ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్). ఇంత తక్కువ వ్యవధికి షేర్ల ఫండ్లు వద్దు. చిన్నమ్మాయి పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాలో 4,000. పదేళ్లలోపు ఆడపిల్లలకే ఈ ఖాతా తెరుస్తారు, మీ చిన్నమ్మాయికి ఇంకా మూడేళ్ల వ్యవధి ఉంది కానీ ఆగకండి. 2024 జనవరిలో దీని వడ్డీ 8.2 శాతం చేశారు, ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు ప్రకటిస్తుంది. పదిహేనేళ్లు కడితే చాలు, పద్దెనిమిది నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. ఇద్దరికీ టర్మ్ పాలసీలకు (జీవిత బీమా మాత్రమే ఉండే పాలసీలు) 2,000 పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో ఎక్కడా జీవిత బీమా ప్రస్తావన లేదు, నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. అత్యవసర నిధికి 3,000. కంతులు, ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 74,000 అవుతోంది. ఆరు నెలలకు 4,44,000 కావాలి. మీ దగ్గర 3 లక్షలున్నాయి, వాటిని ముట్టుకోకండి. చీటీ ఎత్తినప్పుడు ఆ డబ్బు కూడా పెద్దమ్మాయి చదువులోకే వెళ్లాలి.

ఇంకా 2,000 మిగిలింది. అది మీ బొమ్మలకు. ఏడాదికి 24,000. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. వాడని నెలలో మిగిలింది పక్కన ఉంచుకుని తర్వాత పెద్దది కొనుక్కోండి. ఈ మాట నేను మొహమాటానికి చెప్పడం లేదు. పదేళ్లు పైబడి పిల్లలకు కథలు చదివి చెబుతున్న మనిషికి ఆ కథల బొమ్మలు ఇంట్లో ఉండాలనిపించడం న్యాయమైన కోరిక, దానికి బడ్జెట్లో చోటు ఉండాలి. కాకపోతే ఆ చోటుకు ఒక గోడ కట్టాలి. గ్యాలరీ అడిగే నెలకు 10,000, పెద్దమ్మాయి ఆర్డీకి వెళ్లాల్సిన 10,000 ఒకటే డబ్బని గమనించే ఉంటారు. మీవారి అభ్యంతరం కూడా బొమ్మల మీద కాదు, దీని మీదేనని నాకనిపిస్తోంది.

మీరు సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం) ఉద్యోగి అని మరో ఉత్తరంలో రాశారు. అంటే పాత పింఛను లేదు. రిటైర్మెంటు కోసం విడిగా దాచుకోవాలి. ఇంటి లోను తీరాక ఆ 27,000లో పెద్ద భాగం అటు వెళ్లాలి. దాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక ముందు కొనేటప్పుడు ఏం చూడాలి. 75 అనే అంకె మాత్రమే సరిపోదు. ఆ 75 కాక ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (చిత్రకారిణి కోసం విడిగా తీసే ప్రతులు) ఎన్ని తీశారు? అదే బొమ్మ వేరే సైజులో మరో ఎడిషన్‌గా వచ్చిందా? నంబరు లేని పోస్టర్లుగా కూడా అమ్ముతున్నారా? ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ఇది చేత్తో తీసిన స్క్రీన్ ప్రింటా, గ్యాలరీలు జిక్లే అని పిలిచే ఇంక్‌జెట్ ప్రింటా అన్నది కూడా తేల్చుకోండి. స్క్రీన్ ప్రింటులో ఒక్కో రంగుకు ఒక్కో తెర వేసి అద్దుతారు, ఎడిషన్ అయిపోయాక తెరలు చెరిపేయవచ్చు. ఇంక్‌జెట్ అయితే ఫైలు కంప్యూటర్లో అలాగే ఉంటుంది. మళ్లీ తీయకుండా ఆపేది అమ్మినవాళ్ల మాట ఒక్కటే. ఇంక్‌జెట్ తక్కువదని నా ఉద్దేశం కాదు, ఇప్పుడు చాలామంది నేరుగా ట్యాబ్ మీదే గీస్తున్నారు, వాళ్లకు ప్రింటే అసలు బొమ్మ. కానీ అప్పుడు కాగితం, ఇంకు, సంతకం, సర్టిఫికెట్ మరింత ముఖ్యం. పెన్సిలుతో వేసిన నంబరు, సంతకం ప్రింటు మీదే ఉండాలి, సర్టిఫికెట్ మీద మాత్రమే ఉంటే చాలదు. సందేహం వస్తే కడపలోనే 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, అక్కడి చిత్రకళ అధ్యాపకులకు ఒకసారి చూపించండి.

ఉన్న 16 ప్రింట్లలో రెండు మీ తరగతి గదిలో తగిలించానని రాశారు. పిల్లలు చూస్తారని చేసిన పని మంచిదే. కానీ కడప ఎండకు ఆ రంగులు నిలవవు. నంబరున్న ప్రింట్లు ఇంటికి తెచ్చేసి, అక్కడ అదే చిత్రకారిణి పుస్తకం పెట్టండి. పిల్లలు పేజీలు తిప్పి చూస్తారు. ఇంట్లోనూ పడమటి గోడకు వద్దు. దేవుడి పటాలు కట్టే అంగడిలో ఫ్రేము వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. అలవాటు కొద్దీ బొమ్మను హార్డ్‌బోర్డుకు జిగురుతో అంటిస్తారు, లేదంటే లామినేషన్ చేస్తారు. ఈ రెండిట్లో ఏది చేసినా ప్రింటు విలువ అక్కడితో పోయినట్టే, మళ్లీ వెనక్కి తీసుకురాలేం. ఆమ్లం లేని మౌంటు బోర్డు అడగండి, బొమ్మ అద్దానికి తగలకుండా చూడండి, సెల్లోటేపు వాడనివ్వకండి. వానాకాలం వచ్చేముందు ఫ్రేముల వెనక చెదలున్నాయేమో తీసి చూస్తూ ఉండండి.

ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి ప్రింటుకూ పేరు, నంబరు, కొన్న తేదీ, ధర రాయండి. బిల్లు, సర్టిఫికెట్, ఫోటో జతచేయండి. ఇది మూడు రకాలుగా పనికొస్తుంది. ఇంటి బీమాలో కళాఖండాలను మామూలు సామాన్లతో కాకుండా విడిగా, విలువ ముందే ఒప్పుకుని చేర్చాలి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో ఆ సౌకర్యం ఉంది, దానికి ఈ పత్రాలు పనికొస్తాయి. రెండోది పన్ను. మనం వాడుకునే బండి, ఫ్రిజ్ అమ్మితే మూలధన లాభం లెక్క రాదు గానీ చిత్రాలు, కళాఖండాలకు వస్తుంది. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఆలోపు అమ్మితే మీ స్లాబు ప్రకారం పన్ను. కొన్న బిల్లు లేకపోతే లాభం ఎంతో చూపించడం కష్టం. నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు. మూడోది మీ అమ్మాయిల కోసం. ఏ బొమ్మ ఏమిటో రాసి ఉండకపోతే రేపు ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలతో పాటు వెళ్లిపోతాయి. పిల్లలకు మీరు బహుమతిగా ఇస్తే వాళ్లకు దాని మీద పన్ను ఉండదు.

చివరగా, గ్యాలరీకి ఏం జవాబివ్వాలని అడిగారు. ఆ 12 బొమ్మల్లో గొడుగు కింద నిద్రపోయే ఏనుగు పిల్ల బొమ్మ మీకు బాగా నచ్చిందని రాశారు కదా. సెట్టు అక్కర్లేదు, అది విడిగా ఇస్తారా, ఇస్తే రొక్కం ధర ఎంత అని అడగండి. ఇస్తామంటే జూన్‌లో ఫీజులు కట్టేశాక, మీ 2,000ల ఖాతాలో సరిపడా డబ్బు చేరాక కొనుక్కోండి. ఈలోపు అమ్ముడైపోతుందని తొందరపెడితే పోనివ్వండి.