మన ఎర్రర్ పేజీ కొన్ని సైట్లకే వస్తోందేం?

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు మీద స్క్విడ్ ప్రాక్సీ (ల్యాబ్ కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచే సాఫ్ట్‌వేర్) ఉంది. బ్లాక్ చేసిన సైటు తెరిస్తే ఇంగ్లిష్ ‘యాక్సెస్ డినైడ్’ బదులు తెలుగు పేజీ రావాలని ఏర్పాటు చేశాను. ఒకటి రెండు సైట్లకే వస్తోంది. మిగతావాటికి బ్రౌజర్ తన ఎర్రరే చూపిస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: వస్తున్నవి హెచ్‌టీటీపీ సైట్లు, రానివి హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ అయ్యే) సైట్లు అయి ఉంటాయి, ఒకసారి చూడండి. హెచ్‌టీటీపీఎస్ సైటు కోసం బ్రౌజర్ ముందుగా ప్రాక్సీకి ‘కనెక్ట్’ అభ్యర్థన పంపుతుంది. కాదంటూ స్క్విడ్ 403 (అనుమతి లేదనే కోడ్)తో పాటు మీ పేజీనీ పంపుతుంది, బ్రౌజర్ మాత్రం దాన్ని పారేస్తుంది. అలా చేయకపోతే ఏ ప్రాక్సీ అయినా బ్యాంకు చిరునామా కింద నకిలీ లాగిన్ పేజీ చూపించేయగలదు. దీన్ని దాటాలంటే ఎస్‌ఎస్‌ఎల్ బంప్ (ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను స్క్విడ్ మధ్యలో విప్పే ఏర్పాటు) పెట్టి, ప్రతి కంప్యూటర్లో మీ సొంత సర్టిఫికెట్ ఎక్కించాలి. ఒక్క ఎర్రర్ పేజీ కోసం అంత పని వద్దు. ల్యాబ్ గోడకు నోటీసు అంటించడం నయం.

హెచ్‌టీటీపీ సైట్లకైనా సరిగ్గా రావాలంటే, స్క్విడ్‌తో వచ్చిన టెంప్లేటును (ఎర్రర్ పేజీ నమూనా ఫైలును) దిద్దకండి, అప్‌డేట్‌లో పోతుంది. ఎర్రర్స్ ఫోల్డరులోని టెంప్లేట్స్‌లో వేరే పేరుతో ఫైలు పెట్టండి. కాన్ఫిగ్‌లో ‘డినై_ఇన్ఫో’ అని రాసి, ముందు ఆ ఫైలు పేరు, తర్వాత ఏసీఎల్ (ఏ సైట్లు, ఏ కంప్యూటర్లు అని స్క్విడ్‌కు చెప్పే జాబితా) పేరు ఇవ్వండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఆ ఏసీఎల్, ‘హెచ్‌టీటీపీ_యాక్సెస్ డినై’ వరుసలో చిట్టచివరిది అయి ఉండాలి. ఆ వరుసలో ‘ల్యాబ్’ తర్వాత ‘బ్లాక్‌లిస్ట్’ ఉంటే, పేజీని బ్లాక్‌లిస్ట్‌కే ముడిపెట్టాలి. ల్యాబ్‌కు ముడిపెడితే పాత ఇంగ్లిష్ పేజీయే వస్తుంది.

ఎర్రర్ పేజీల ఫోల్డరును మార్చే ‘ఎర్రర్_డైరెక్టరీ’ సెట్టింగ్ జోలికి పోకండి. అది మారిస్తే యూజర్ బ్రౌజర్ భాషను బట్టి పేజీ ఎంచుకోవడం ఆగిపోతుంది.

ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, మెటా ట్యాగ్‌లోనూ ఆ సంగతి రాయండి, లేకపోతే తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు. స్టైల్‌లో శాతం గుర్తు ఉంటే రెండుసార్లు వేయండి, ఒక్కటే ఉంటే స్క్విడ్ దాన్ని తన కోడ్‌గా చదువుతుంది. శాతం గుర్తు పక్కన పెద్ద అక్షరం ‘యూ’ రాస్తే అడిగిన చిరునామా, చిన్న ‘ఐ’ రాస్తే ఆ కంప్యూటర్ ఐపీ పేజీలో కనిపిస్తాయి. కాలేజీ లోగోకు ఉత్త ఫైలు పేరు ఇస్తే బ్రౌజర్ దాన్ని బ్లాకైన సైటులోనే వెతుకుతుంది, కాబట్టి ల్యాబ్ సర్వర్ పూర్తి చిరునామా ఇవ్వండి.

మార్పులయ్యాక ‘స్క్విడ్ -కె పార్స్’ కొట్టి తప్పులేమీ లేకపోతేనే ‘స్క్విడ్ -కె రీకాన్ఫిగర్’ ఇవ్వండి.