వైజాగ్‌లో సబ్‌మెరైన్ చూశాక విశాఖ మ్యూజియంకి కూడా టైమ్ పెట్టాలా?

ఇద్దరు పిల్లలు, అత్తగారితో రెండు రోజులకు వస్తున్నామని, బీచ్ రోడ్‌లోని పాత బంగళా మ్యూజియం చూడకపోతే ఏమైనా పోతుందా అని అడిగారు. చూడండి. అత్తగారు ఉన్నారంటే ఇంకా తప్పకుండా చూడండి.

బీచ్‌లో జనం చూడ్డానికి పెట్టిన పాత నేవీ సబ్‌మెరైన్ కురుసుర లోపల చాలా ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి తల వంచి, కాలెత్తి దాటుకుంటూ పోవాలి. పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. విశాఖ మ్యూజియంలో పెద్దవాళ్ళు తమ నడకన తాము నిదానంగా చూసుకోవచ్చు.

దాన్ని ఇక్కడ డచ్ బంగళా అంటారు. 1991లో మ్యూజియం చేశారు. స్కూల్లో ఉన్నప్పుడు తీసుకెళ్తే నేను చూసింది ఓడల మోడళ్ళు, పాత కత్తులు, అంతే. పెద్దయ్యాక వెళ్ళినప్పుడే ఇంటిని చూశాను. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, ఎదురుగా సముద్రం. బయట ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంటే లోపల అడుగు పెట్టగానే ప్రాణం లేచొస్తుంది. ఫ్యాన్లు లేని రోజుల్లో ఈ ఎండల్లో ఎలా బతికారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పిల్లలకు ముందు అది చూపించండి, వస్తువులు తర్వాత.

వస్తువుల్లో మాత్రం ఒక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి విశాఖ మీద బాంబులు వేశాయి. హార్బరు మొదలై అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఆ బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి ఇక్కడ ఉంది.

మా మామ్మకు అప్పుడు పదేళ్ళు. ఎనభై దాటాక ఒకసారి ఆవిణ్ణి తీసుకెళ్ళాను. మిగతావన్నీ చూసీ చూడనట్టు వచ్చేసింది. బాంబు దగ్గరికొచ్చి ఆగిపోయింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ చాలాసేపు చూసి, "ఇదా! దీనికేనా మా అమ్మ అన్నం వార్చకుండానే తలుపుకి తాళమేసింది" అంది. తర్వాత అక్కడున్న ఉద్యోగిని పిలిచి, "ఇది పేల్దు కదా బాబూ?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. "భయం లేదమ్మా" అని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇక ఆయనకే మొదలుపెట్టింది. ఎడ్లబండి మీద చోడవరం వైపు చుట్టాలూరు వెళ్ళడం, దారి పొడవునా బళ్ళే బళ్ళు, ఆ గోలలో తమ్ముడు బండి దిగి తప్పిపోతే రాత్రి లాంతర్లు పట్టుకుని వెతకడం. తమ్ముడు తప్పిపోయిన సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. "బాంబులప్పుడు" అనే మాట చిన్నప్పట్నుంచీ వంద సార్లు విన్నవాణ్ణి, ఒక్కసారీ కూర్చుని అడగలేదు. ఆ తర్వాత నేనే కొంత చదువుకున్నాను. ఆంధ్రా యూనివర్సిటీని కూడా అప్పుడు గుంటూరుకు తరలించారు.

మీ అత్తగారిది ఈ జిల్లాల వైపైతే వాళ్ళింట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. ఆవిడ వయసుకి స్వయంగా చూసి ఉండరు, అమ్మ చెప్పగా విని ఉంటారు. పిల్లల్ని పక్కన నిలబెట్టి అడిగించండి.

సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. మ్యూజియం టైమింగ్స్ బయల్దేరే ముందు కనుక్కోండి. సబ్‌మెరైన్‌లో అలిసిపోయాక కాకుండా ముందు ఇక్కడికే రండి, కనీసం గంటన్నర ఉంచుకోండి. పిల్లలకు హోటల్లోనే 1942 సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తే బాంబు ఎక్కడుందో వాళ్ళే వెతుక్కుంటారు.