రాత్రి తొమ్మిదింటికి శ్లాబు తాకి చూడండి

పోయిన సంచికలో పైకప్పుల గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అన్నవే. మిగతా సగం పిట్టగోడల మీద. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబు రాస్తున్నాను. ముప్పై ఏళ్లు సైట్లలో తిరిగినదాన్ని, మధ్యలో కాస్త మేస్త్రీల భాష దొర్లితే సర్దుకోండి.

ప్రశ్న: మేడమ్, మాది ఒకే అంతస్తు ఇల్లు. పగలు ఎలాగో నెట్టుకొస్తాం. పడుకునే వేళకి గది కొలిమిలా ఉంటుంది. ఇప్పుడు పక్కన ఇంకో గది వేస్తున్నాం. శ్లాబు అయిదంగుళాలకి బదులు ఎనిమిదంగుళాలు వేస్తే వేడి దిగదని మేస్త్రి అంటున్నాడు. నిజమేనా?

దిగుతుంది. కాస్త ఆలస్యంగా దిగుతుంది, అంతే. సాయంత్రం అయిదింటికి రావాల్సిన చుట్టం ఏడింటికి వస్తాడు, రావడం మాత్రం మానడు. పైగా పెద్ద మూటతో వస్తాడు. లావు శ్లాబు పగలంతా ఎక్కువ వేడిని దాచుకుని, రాత్రంతా మెల్లమెల్లగా మీ మీదే వదులుతుంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. తొమ్మిదింటికి, ఫ్యాన్ ఆపి, బల్ల ఎక్కి శ్లాబుకి కింది నుంచి అరచెయ్యి ఆనించండి. తర్వాత అదే చెయ్యి గోడకి ఆనించండి. బయట గాలి చల్లబడ్డా గది ఎందుకు చల్లబడలేదో చెయ్యే చెబుతుంది. గోడకి ఏదో ఒక పూటే ఎండ తగులుతుంది. కప్పు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. నడిఎండలో చదరపు మీటరు కప్పు మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. పది పన్నెండడుగుల గదికి లెక్కేస్తే, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు పదకొండు బోర్లించినట్టు. అందులో ఎంత వెనక్కి పంపాం, ఎంత లోపలికి రానిచ్చాం అన్నదే మొత్తం కథ.

కాంక్రీటు బరువు మోసే సరుకు, వేడిని ఆపే సరుకు కాదు. దాని ఉష్ణవాహకత, అంటే వేడిని తనలోంచి దాటనిచ్చే గుణం, సుమారు 1.58, థర్మోకోల్‌ది 0.035. రెండంగుళాల థర్మోకోల్ ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే ఏడడుగుల పైన మందం పోయాలి. మీ మేస్త్రి చెప్పిన అదనపు మూడంగుళాలు చేసేది ఒక్కటే: చదరపు మీటరుకి దాదాపు 190 కిలోల బరువు పెంచడం. దానికి తగ్గ ఇనుము, దూలాలు, పునాది. ఖర్చంతా అందులోకే పోతుంది.

ఆ డబ్బు శ్లాబు పైన పెట్టండి. ముందు వాటర్‌ప్రూఫింగ్. దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు. ఇది థర్మోకోల్‌కి అన్నలాంటిది, గట్టిగా ఉంటుంది, నీళ్లు దాదాపు పీల్చదు. ఆ పైన వాటం (నీళ్లు జారిపోయే వాలు) చూసుకుని కాంక్రీటు పొర, చివర తెల్ల టైల్స్. ఇదే సరుకు శ్లాబు కింద సీలింగ్‌లో పెడితే? గదికి కొంత మేలే. ఇల్లు ఎప్పుడో కట్టేసి, పైన పని చేయించే వీలు లేనివాళ్లకి అదే దారి. కానీ అప్పుడు శ్లాబు ఎండలో కాలుతూనే ఉంటుంది, రోజూ సాగి రోజూ ముడుచుకుంటుంది. దాని సంగతి పిట్టగోడ దగ్గరికి వచ్చాక చెబుతాను.

ప్రశ్న: మందం వల్ల లాభం లేదని మీరు గత సంచికలోనూ రాశారు. మరి లావుపాటి మట్టి ఇళ్లు చల్లగా ఎలా ఉంటాయి?

సరైన చోట పట్టుకున్నారు. ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ ఈ విషయంలో చేసిన పని చూడాలి. 1964లో కైరోలో పక్కపక్కనే నమూనా ఇళ్లు కట్టి లోపలి ఉష్ణోగ్రత కొలిచారు. ఒకటి గోడలూ కప్పూ అన్నీ 50 సెంటీమీటర్ల మట్టి ఇటుకలతో, ఇంకొకటి 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకలతో. మార్చి నెలలో తీసిన కొలతల్లో మట్టి ఇంట్లో రోజు మొత్తం మీద తేడా 2 డిగ్రీలు దాటలేదు. కాంక్రీటు ఇంట్లో 36 డిగ్రీలకి ఎక్కింది, అంటే బయటి గాలి కన్నా 9 డిగ్రీలు ఎక్కువ.

అయితే ఇక్కడ రెండు సంగతులు మరిచిపోకూడదు. ఆ మట్టి మందం అడుగున్నర పైమాటే. మన మూడంగుళాల బేరం దాని దరిదాపుల్లోకి రాదు. రెండోది, అది పొడి వాతావరణం, రాత్రిళ్లు బాగా చల్లబడుతుంది. పగలు దాచుకున్న వేడిని మట్టి ఆ చల్లదనంలోకి వదిలేసి, మర్నాటికి ఖాళీ అయిపోతుంది. గాలిలో తేమ ఎక్కువై, అర్ధరాత్రి కూడా ఒళ్లు జిడ్డుగా ఉండే ప్రాంతంలో ఆ వదిలే చోటే ఉండదు. అక్కడ లావు కప్పు వేడినీళ్ల సీసాలాగా పనిచేస్తుంది. అలాంటి చోట తేలికపాటి కప్పు, దాని కింద గాలి ఆడే జాగా, పెద్ద చూరు, ఇవే మేలు. కాబట్టి "ఏ కప్పు మంచిది" అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది, "మీ దగ్గర తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటారా?" అని.

ప్రశ్న: కప్పు మీద తెల్ల పెయింటు వేయించాలా, మెరిసే సిల్వర్ పెయింటు వేయించాలా? సిల్వర్ అయితే అద్దంలా ఎండని వెనక్కి కొడుతుంది కదా.

తెలుపే. సిల్వర్ మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు, ఇంజనీర్లు కూడా. వెనక్కి కొట్టడం సగం పనే. ఎంతో కొంత వేడి ఎలాగూ లోపలికి పోతుంది, దాన్ని మళ్లీ ఆకాశంలోకి ఊదేయడం మిగతా సగం. తెల్ల పెయింటు ఆ పని బాగా చేస్తుంది, మెరిసే లోహం చేయలేదు. ఎండలో పెట్టిన ఖాళీ స్టీలు పళ్లెం తళతళలాడుతూనే వేలు చుర్రుమనిపిస్తుంది కదా, అదే.

కొత్త తెల్ల పూత పడిన ఎండలో 70 నుంచి 80 శాతం వెనక్కి పంపుతుంది. నల్ల తారు షీటు 5 శాతం పంపితే గొప్ప. అందుకే వాటర్‌ప్రూఫింగ్ పేరుతో నల్ల షీటు పరిచి అలాగే వదిలేసిన కప్పులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాని మీద తెల్ల పూతైనా వేయండి.

నమ్మకం లేకపోతే కప్పు మీద ఒక మూల రెండడుగుల చదరం సున్నం కొట్టి, ఆరాక, మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విడిచి ఒక కాలు సున్నం మీద, ఒక కాలు బయట పెట్టండి. మొదటిసారి నేను మూడు అంకెలు లెక్కపెట్టేలోపు బయట ఉన్న కాలు ఎత్తేశాను, సున్నం మీది కాలు అలాగే ఉంచగలిగాను. కాకపోతే తెలుపుకి ఒక జబ్బు ఉంది, దుమ్ము. ఏడాది తిరిగేసరికి పూత మట్టిరంగుకి వస్తుంది, లాభం బాగా తగ్గిపోతుంది. ఎండలు ముదిరే ముందు ఏటా ఒకసారి చీపురూ నీళ్లూ పట్టుకుని పైకెక్కాల్సిందే.

ప్రశ్న: మేడ మీద ఒక గది వేయాలి. రేకులా, పెంకులా?

పెంకులకి వాసాలు, వాటం, పనితనం కావాలి. కనీసం 25, 30 డిగ్రీల వాలు లేకపోతే గాలివానకి నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. కోతులు తిరిగే చోటైతే అసలు వద్దు. ఆ బెడద లేకపోతే మట్టి పెంకు నాకిష్టం. సందుల్లోంచి వేడిగాలి తనంతట తను పోతుంది.

ఇనుప రేకు నిమిషాల్లో కాలుతుంది, నిమిషాల్లో చల్లారుతుంది. రాత్రి పడకకి మాత్రమే వాడే గదైతే ఒంటి శ్లాబు కన్నా తెల్ల రేకే నయం అంటాను, చాలామంది ఒప్పుకోరు. పగలు కూర్చునే గదైతే రేకు కింద గాలి ఆడే జాగా వదిలి, దాని కింద ఇన్సులేషన్‌తో, అంటే వేడిని ఆపే పొరతో, సీలింగ్ వేయాల్సిందే. వాన చప్పుడు కూడా దానితో తగ్గుతుంది. రేకు ఎగిరిపోయేది మధ్యలో కాదు, అంచుల దగ్గర, మూలల దగ్గర. స్క్రూలు అక్కడ దగ్గరదగ్గరగా వేయించండి.

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు కొత్తగా వేయొద్దు. దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు, 60కి పైగా దేశాలు నిషేధించాయి. ఇప్పటికే ఉంటే కోయకండి, రంధ్రాలు పెట్టకండి, పొడిగా చీపురుతో రుద్దకండి. తీసేయాలంటే తడిపి, ముక్కలు కాకుండా, ఆ పని తెలిసినవాళ్లతో తీయించండి.

ప్రశ్న: పిట్టగోడ అడుగున, శ్లాబుని కలిసే చోట, అడ్డంగా పొడుగునా పగులు వచ్చింది. మూడుసార్లు సిమెంటుతో పూడ్చాం, మళ్లీ అక్కడే. కింద గది గోడ చెమ్మగిల్లుతోంది. పిట్టగోడ ఎత్తు గురించి కూడా చెప్పండి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

నాలుగోసారి సిమెంటు పెట్టకండి. పది మీటర్ల కాంక్రీటు 35 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ఇటుక దాదాపు అందులో సగమే సాగుతుంది. పైన ఇటుక గోడ "నేను రాను" అంటుంది, కింద శ్లాబు "నేను ఆగను" అంటుంది. తెగేది ఆ కలిసే గీత దగ్గరే. రోజూ కదిలే చోట గట్టిగా ఉండే సిమెంటు నిలవదు, రబ్బరులా సాగే పూడిక, అంటే సీలెంట్, కావాలి. పగుల్ని కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సీలెంట్ నింపండి. శ్లాబు, గోడ కలిసే మూలని గుండ్రంగా చేసి, కప్పు మీది వాటర్‌ప్రూఫింగ్‌ని గోడ మీదకి కనీసం ఆరంగుళాలు ఎక్కించండి. పైన చెప్పినట్టు శ్లాబు మీద ఇన్సులేషన్ వేస్తే ఈ సాగడమే బాగా తగ్గుతుంది. మందుల్లో అదే అసలు మందు.

గోడ నెత్తిన కోపింగ్, అంటే వాన దిగకుండా కప్పే పలక, ఉందా? చాలా ఇళ్లలో ఉత్త ప్లాస్టరింగే ఉంటుంది, వాన నేరుగా ఇటుకలోకి దిగుతుంది. కోపింగ్ వాటం లోపలికి, అంటే కప్పు వైపు ఉండాలి. గోడకి రెండు వైపులా రెండంగుళాలు బయటికి రావాలి, కింది అంచున చిన్న గాడి ఉండాలి. ఆ గాడి లేకపోతే నీటిబొట్టు వెనక్కి పాకి గోడని తడుపుతుంది. నాలుగున్నర అంగుళాల గోడైతే పదడుగులకొక చిన్న స్తంభం, పొడుగు గోడకి అయిదారు మీటర్లకొక జాయింట్ (గోడ కదలడానికి వదిలే సందు) పెట్టించండి.

ఎత్తు సంగతి. నిబంధనలు సాధారణంగా అడిగేది 1 నుంచి 1.2 మీటర్లు. కొలత మాత్రం శ్లాబు నుంచి కాదు, పైన టైల్స్ పడ్డాక నిలబడే చోటు నుంచి. ఇన్సులేషన్, వాటం, టైల్స్ కలిసి అయిదారంగుళాలు తినేస్తాయి, మీటరు కట్టిన గోడ నడుము కిందికి దిగిపోతుంది. పైపులతో రెయిలింగ్ పెట్టేవాళ్లు అడ్డ పైపులు వద్దు, పిల్లలకి అది నిచ్చెన. నిలువు కమ్మీలు పెట్టండి, సందు నాలుగంగుళాలకి మించకూడదు. పూలకుండీలు గోడకి ఆనించి పెట్టకండి, అవి మెట్లవుతాయి. ఇటుక జాలీ పెడితే సాయంత్రం పైన కూర్చునేవాళ్లకి గాలి తగులుతుంది, కింద గది వేడికి దాంతో సంబంధం లేదు.

ఇక నా సొంత ఇంటి ముచ్చట. ఇరవై అడుగులూ ముప్పై అడుగుల కప్పు, చుట్టూ బిగుతుగా పిట్టగోడ, నీళ్లు పోవడానికి ఒకే ఒక్క గొట్టం. డబ్బు కలిసొస్తుందని నేనే వేయించిన మూడంగుళాల గొట్టం. సెలవులకి వెళ్లి వచ్చేసరికి మెట్ల మీద నుంచి హాల్లోకి నీళ్లు. పైకెళ్తే కప్పు చెరువై ఉంది, మెట్లగది గడప ఎత్తుకి, ఎనిమిదంగుళాలు. లెక్కేసుకుంటే 11 టన్నులు. మోకాళ్ల మీద కూర్చుని గొట్టంలో చెయ్యి పెడితే మా అబ్బాయి టెన్నిస్ బంతి దొరికింది, కొలిచి బిగించినట్టు. అది ఊడి రాగానే వచ్చిన గుటగుట చప్పుడు ఇప్పటికీ గుర్తే. ఇంజనీరమ్మ ఇల్లు కదా, వీధంతా వచ్చి చూసి వెళ్లారు.

అప్పటి నుంచి నేను చూసిన ప్రతి ఇంటికీ కనీసం రెండు తూములు, నాలుగంగుళాల గొట్టాలు, నోటికి జల్లెడ. గంటకి 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక నాలుగంగుళాల గొట్టం 40 చదరపు మీటర్ల కప్పుని సంబాళిస్తుంది. వాటితో పాటు, కప్పు మట్టానికి రెండంగుళాల పైన, మెట్లగది గడప కన్నా కింద, పిట్టగోడలో ఒక ఖాళీ కన్నం బయటికి. మామూలు రోజుల్లో దాంట్లోంచి చుక్క రాకూడదు. వచ్చిందంటే తూము మూసుకుపోయిందని కింద నుంచే తెలుస్తుంది.

ప్రశ్న: రోజూ మధ్యాహ్నం మూడింటికి కప్పు మీద బకెట్లతో నీళ్లు కొడుతున్నాను. మంచిదేనా?

నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకెళ్లే మాట నిజం, లీటరు నీళ్లకి దాదాపు 0.67 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి. కానీ బాగా కాలిన శ్లాబు మీద ఒక్కసారి చన్నీళ్లు కుమ్మరిస్తే సన్న పగుళ్లు పెరుగుతాయి. ఎండ దిగాక, ఆరింటికి, పల్చగా చల్లండి. గోనెపట్టాలు పరిచి వాటిని తడిపితే సగం నీళ్లతోనే పని జరుగుతుంది. గాలి తేమగా ఉండే రోజుల్లో శ్రమ దండగ, నీళ్లు ఆరవు.