ఇద్దరి పేరా ఉన్న ఫ్లాట్‌ను ఒక్కరే వీలునామా రాస్తే?

ప్రశ్న: మాది నల్లకుంట. 1999లో మావారూ నేనూ ఇద్దరి పేరా లోన్‌తో ఫ్లాట్ కొన్నాం. నేను రిటైర్డ్ టీచర్‌ని. ఆయన పోయి ఏడాదిన్నర. అత్తమామలు లేరు, మాకు ఒక్కతే అమ్మాయి. ఫ్లాటంతా తనకే రాశారని మా మరిది కొడుకు రిజిస్టర్డ్ వీలునామా చూపి, ఖాళీ చేయమని ఐదు నెలల కిందట లాయర్ నోటీసు ఇచ్చాడు. భయంతో జవాబివ్వలేదు. ఒరిజినల్ దస్తావేజు అంతకుముందే జిరాక్స్‌కని అతనే తీసుకెళ్లాడు. నలభై ఏళ్ల కాపురానికి ఇదా ఫలితం? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి ఫ్లాట్ మొత్తం అమ్మాయికి గిఫ్ట్ చేసేయమని ఒక బ్రోకర్ అంటున్నాడు.

జవాబు: ఆయన ఎందుకలా రాశారన్నది పక్కన పెట్టండమ్మా. కేసును తేల్చే మాట ఒక్కటే: సేల్ డీడ్ ఇద్దరి పేరా ఉంది. ఎవరైనా తన వాటాకే వీలునామా రాయగలరు. అది నిజమైనదే అయినా, రిజిస్టరైనా మీ సగం జోలికి రాలేదు.

'డబ్బంతా ఆయనదే, ఆవిడ పేరు ఊరికే వేశారు' అంటారు అవతలివాళ్లు. ఆస్తి బదలాయింపు చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే చెరిసగం, ఉంటే ఆ లెక్కన. కాబట్టి మీ జీతంలోంచి కిస్తీ కోత పడిన పాత పాస్‌బుక్‌లు, పీఎఫ్ అడ్వాన్స్ కాగితాలు వెతకండి. బీరువాలో లేకపోతే అటక మీద చూడండి.

పిల్లలకు పాఠాలు చెప్పినవారు, చిన్న రసీదు కూడా లేకుండా ఒరిజినల్ ఇచ్చి పంపుతారా? నోటీసుకు జవాబివ్వకుండా కూర్చోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఆస్తిలో హక్కు మీదేనని కోర్టు చేత చెప్పించుకునే 'హక్కు ప్రకటన' దావాకు గడువు మూడేళ్లు. అది నోటీసు అందిన రోజే మొదలైందని వాదిస్తారు. పోస్టు ముద్ర ఉన్న ఆ కవరు పారేయకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల పత్రం) వెంటనే తీసుకోండి. ఒరిజినల్ తిరిగివ్వమని జవాబులోనే అడగండి.

బ్రోకర్ మాట వింటే మునుగుతారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వారసులెవరో చెబుతుందే గానీ ఆస్తి ఎవరిదో చెప్పదు. తగాదా తెలిసీ మొత్తం మీదేనని రిజిస్టర్ చేయిస్తే, రేపు చీటింగ్ కేసులో మీరే ముద్దాయి కావచ్చు.

వీలునామాను నిరూపించాల్సిన బాధ్యత అతనిదే. ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, బతికున్నవారిలో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. వీలునామా రాసిన తేదీన మీవారు ఆస్పత్రిలో ఉండి ఉంటే కేస్ షీట్ ఇప్పుడే అడగండి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాటి ఉంచాలన్న నియమం లేదు. వీలునామా వీగిపోతే ఆయన సగం మీకూ అమ్మాయికీ సమానంగా వస్తుంది, అంటే మొత్తంలో మీకు ముప్పాతిక. నిలబడితే మీకూ అతనికీ చెరిసగం. ఫ్లాట్‌ను గోడ కట్టి పంచలేరు కనుక, అతను అమ్మకం కోరితే కోర్టు కట్టిన విలువకు అతని వాటా మీరే కొనుక్కోవడానికి 1893 పార్టిషన్ (ఆస్తి పంపకాల) చట్టంలో దారి ఉంది.

సిటీ సివిల్ కోర్టులో హక్కు ప్రకటన, పార్టిషన్, ఇంజంక్షన్ (మిమ్మల్ని ఖాళీ చేయించకుండా ఆపే ఉత్తర్వు) కలిపి దావా వేయండి. ఈలోగా ఓ కేవియట్ (నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) పడేస్తే 90 రోజులు మీకు చెప్పకుండా అతను ఆర్డరు తెచ్చుకోవడం కష్టం. దావా పడేదాకా తాళమేసి అమ్మాయి ఇంటికి మాత్రం వెళ్లకండి.